భయం సినిమాలు అడిగిన మేనకోడలికి

అమ్మడూ,

"అత్తా, అన్నిటికన్నా భయంకరమైన పది సినిమాల పేర్లు పంపు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. పేర్లు పంపడం ఎంతసేపు? ఆ పదీ వరసబెట్టి చూసి, నాలుగు సినిమాలకి నిద్రపోయి, మూడు సినిమాలకి నవ్వేసి, "అత్తకి భయమంటే ఏంటో తెలీదు" అని తిరిగి నన్నే అంటావు. అందుకని ముందు ఎంచుకోవడం చెప్తాను. పేర్లు మధ్యలో అవే వస్తాయి.

నీకు కావలసింది ఉలికిపాటా, గుబులా? ఇది తేల్చుకోకుండా మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువ. ఉలికిపాటు తెప్పించడం పెద్ద విద్యేం కాదు. మొహాన్ని బాగా దగ్గరగా చూపించి పక్కన ఏముందో కనపడకుండా చేస్తారు, సంగీతం ఆపేస్తారు, రెండు మూడు క్షణాలు ఊపిరి చప్పుడు తప్ప ఏమీ ఉండదు, తర్వాత చెవులు పగిలే మోత. మోతకి అదిరిపడటం ఒంటి గుణం, దెయ్యం బదులు ప్రెషర్ కుక్కర్ కూసినా అదిరిపడతాం. 1942 నాటి 'క్యాట్ పీపుల్'లో రాత్రిపూట ఒంటరిగా నడిచే అమ్మాయి వెనక ఏదో వస్తున్నట్టు ఉంటుంది, ఇంతలో మృగం బుస కొట్టినట్టు చప్పుడు చేస్తూ బస్సు వచ్చి ఆగుతుంది. ఆ చిత్ర నిర్మాత వాల్ లూటన్ పేరు మీద ఈ కిటుకుని ఇప్పటికీ 'లూటన్ బస్' అంటారు. ఆయన దాన్ని పొదుపుగా వాడాడు. ఇప్పటివాళ్ళు పది నిమిషాలకో బస్సు తోలుతున్నారు.

గుబులు సంగతి వేరు. సినిమా నడుస్తున్నప్పుడు "ఇదేంటి, పెద్దగా ఏం లేదే" అనిపిస్తుంది. రాత్రి రెండింటికి మంచినీళ్ళకి లేచినప్పుడు వంటింటి స్విచ్చి ఎక్కడుందో చెయ్యి తడుముకుంటుంది చూడు, అప్పుడు తెలుస్తుంది. నువ్వడిగింది ఇదేననుకుని రాస్తున్నాను.

ఒకరికి గుబులు పుట్టించేది ఇంకొకరికి ఆవలింత తెప్పిస్తుంది, కాబట్టి నీ భయం ఏ మూల ఉందో కనిపెట్టాలి. ఇంట్లో మనం కాక ఇంకెవరో ఉన్నారన్న అనుమానం కొందరిది. కట్టుకథ అని తెలిసినా "ఇది నిజంగా జరిగిందేమో" అనిపిస్తే చాలు కొందరికి. మనింటి మనిషే మనకి తెలియని మనిషైపోవడం కొందరికి. దెయ్యం గియ్యం ఏమీ లేకుండా, లోకం నుంచి మనుషులు మెల్లగా జారిపోతున్నట్టు ఉంటే తట్టుకోలేనివాళ్ళు ఇంకొందరు. ఒక్కో రకం నుంచి ఒక్కటి చూస్తే నీ రకం తెలిసిపోతుంది.

మొదటి రకానికి జాక్ క్లేటన్ తీసిన 'ద ఇన్నొసెంట్స్' (1961) చాలు. నలుపు తెలుపు అని మొహం తిప్పుకోకు. పెద్ద బంగళాలో ఇద్దరు పిల్లలు, వాళ్ళని చూసుకోవడానికి వచ్చిన పంతులమ్మ. ఒక సీన్లో పట్టపగలు, చెరువు అవతలి గట్టున రెల్లు మధ్య నల్ల గౌనులో ఒకావిడ నిలబడి ఉంటుంది. అంతే. కదలదు, అరవదు, దగ్గరికి రాదు. మొహం కూడా సరిగ్గా కనపడదు. చీకట్లో దెయ్యం కనిపిస్తే దీపం వెయ్యొచ్చు, ఎండలో నిలబడ్డదాన్ని ఏం చెయ్యగలం? ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ లెన్సు ముందు పెట్టే ఫిల్టర్ల అంచులకి రంగు పూసి తెర చివర్లు చీకటిగా ఉంచాడు. అందుకే దీపాలున్న గదిలో కూడా మూలల్లోకి చూడాలంటే జంకుగా ఉంటుంది. ఒక హెచ్చరిక: సినిమా మొదట్లో కొంతసేపు తెర నల్లగానే ఉండి ఆడపిల్ల పాట ఒక్కటే వినిపిస్తుంది. ఫైలు పాడైందనుకుని ముందుకి జరపకు.

దాని పక్కనే రాబర్ట్ వైజ్ 'ద హాంటింగ్' (1963). దెయ్యాన్ని ఒక్కసారి కూడా చూపించరు. మూసి ఉన్న చెక్క తలుపు ఊపిరి పీల్చినట్టు లోపలికి ఉబ్బుతుంది, చూసేవాళ్ళకి అది చాలు. ఇదే పేరుతో 1999లో మళ్ళీ తీశారు, అందులో గ్రాఫిక్స్‌తో అన్నీ చూపించారు. చూపించాక భయమెక్కడిది?

'నిజమేమో' అనిపించే రకంలో ఆస్ట్రేలియా సినిమా 'లేక్ మంగో' (2008). మునిగి చనిపోయిన అమ్మాయి గురించి ఆ ఇంటివాళ్ళు కెమెరా ముందు మాట్లాడుతుంటారు, డాక్యుమెంటరీ లాగా. గంటన్నర లోపే అయిపోతుంది. చివర పేర్లు పడటం మొదలవగానే టీవీ కట్టెయ్యకు. స్ట్రీమింగ్ యాప్‌లు పేర్లు పడగానే తెరని చిన్నది చేసి తర్వాతి సినిమా మొదలుపెడతాయి, సెట్టింగుల్లో ఆటోప్లే ముందే ఆపెయ్. ఎందుకో చూశాక నీకే తెలుస్తుంది. ఈ రకంలో అందరూ చెప్పే 'బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' (1999) కూడా మంచిదే. నటులే కెమెరా పట్టుకుని తీశారు, కాబట్టి తెర ఊగుతూనే ఉంటుంది. కడుపులో తిప్పే తత్వం ఉంటే రెండడుగులు వెనక్కి జరిగి కూర్చో.

మూడో రకంలో 'హెరెడిటరీ' (2018) పేరు నీకు తెలిసే ఉంటుంది. మన దగ్గరివాటిలో రాహుల్ సదాశివన్ మలయాళంలో తీసిన 'భూతకాలం' (2022) చూడు. తల్లీ కొడుకుల మధ్య మాటలు తెగిపోయిన ఇల్లు, అందులో ఏదో ఉందా, లేక వాళ్ళ మనసులే అలా ఉన్నాయా అని చాలాసేపు తేలదు. తల్లి వేషం రేవతిది. సరిగ్గా 30 ఏళ్ళ ముందు, 1992లో, రామ్ గోపాల్ వర్మ 'రాత్రి'లో దెయ్యం పట్టిన అమ్మాయీ ఆవిడే. రెండూ ఒకే వారంలో చూస్తే ఆ సరదా వేరు.

నాలుగో రకం నా లెక్కలో అన్నిటికన్నా గట్టిది, అందుకే ఆఖర్న పెట్టాను. జపాన్ దర్శకుడు కియోషి కురొసావా తీసినవి రెండు: 'క్యూర్' (1997), 'కైరో' (2001). అకీరా కురొసావాకీ ఈయనకీ చుట్టరికం లేదు, ఇంటిపేరు ఒకటే. 'క్యూర్'లో ఒక పోలీసు తోటి పోలీసుని కాల్చేస్తాడు. కెమెరా దగ్గరికి వెళ్ళదు, సంగీతం లేవదు, పగటి వెలుగులో దూరం నుంచి ఒకే షాటు. రోజువారీ పనిలో అదొకటన్నట్టు జరిగిపోతుంది. 'కైరో'లో గది అవతలి గోడ దగ్గర నుంచి ఒకావిడ మెల్లగా నడిచి వస్తుంది. సగం దూరం వచ్చాక కాలు మడత పడినట్టై ఒళ్ళు ఒక పక్కకి ఒరుగుతుంది, మళ్ళీ నిలదొక్కుకుని అదే నడక. మీద పడదు, కేక పెట్టదు. ఆ ఒక్క తడబాటులోనే ఉంది కిటుకంతా: మనిషి ఆకారమే, నడవడం మాత్రం ఎవరో చెప్తే నేర్చుకున్నట్టుంటుంది. జపాన్‌దే 'రింగు' (1998)లో సడాకో అనే దెయ్యం నడక కూడా ఇలాంటిదే. నటిని వెనక్కి నడిపించి, ఆ ఫిల్మ్‌ని తిరగేసి చూపించారు. ఎందుకు తేడాగా ఉందో కంటికి అందదు, ఒంటికి మాత్రం తెలుస్తుంది.

ఇక పేర్లు వెతికేటప్పుడు జరిగే పొరపాట్లు. పేరు ఒక్కటే చూసి నొక్కెయ్యకు, సంవత్సరం, దర్శకుడి పేరు చూడు. 'కైరో'ని 2006లో అమెరికాలో 'పల్స్' పేరుతో మళ్ళీ తీశారు. అసలు సినిమాకి కూడా ఇంగ్లీషులో అదే పేరు, వెతికితే చాలాసార్లు ముందు వచ్చేది కొత్తదే. డచ్చి సినిమా 'ద వానిషింగ్' (1988)ని దాని దర్శకుడు జార్జ్ స్లూయిజరే 1993లో హాలీవుడ్‌లో మళ్ళీ తీసి ముగింపు మార్చేశాడు. దెయ్యం లేని ఆ సినిమాకి ప్రాణమే ముగింపు. పొరపాటున కొత్తది ముందు చూశావంటే పాతది చేతులారా పాడుచేసుకున్నట్టే. నిడివి కూడా చూసుకో: 'ద షైనింగ్' (1980) అమెరికా ప్రతి 144 నిమిషాలు, యూరప్ ప్రతి 119 నిమిషాలు. మొదటిసారికి పొడుగుదే చూడు, కథ జరిగే హోటల్లో రోజులు గడవని బరువు అందులోనే ఉంటుంది. 'ద ఎక్సార్సిస్ట్'కి మాత్రం తిరగేసి చెప్తాను, ముందు 1973 నాటిదే చూడు. 2000లో సీన్లు కలిపి వదిలినదాంట్లో కొన్నిచోట్ల దెయ్యం మొహం అదనంగా మెరిపించారు, అది అక్కర్లేదు.

రేటింగు అంకెలు నమ్మకు. నవ్వు కలిసిన హారర్‌కి, పెద్ద తారలున్నదానికి అంకె పెరుగుతుంది. నిదానంగా నడిచేదానికి విసుక్కున్నవాళ్ళంతా ఒక చుక్క పడేసి పోతారు. నువ్వు ఆ తిట్లే చదువు. "ఏమీ జరగలేదు", "చివర అర్థం కాలేదు", "దెయ్యాన్ని చూపించనే లేదు" అని తిట్టారంటే అది నీకు పనికొచ్చే సినిమా. "నటన పేలవం", "గ్రాఫిక్స్ తేలిపోయాయి" అంటే వదిలెయ్. "ఆఖర్న అంతా చక్కగా విడమరిచి చెప్పారు" అని ఎవరైనా మెచ్చుకుంటే అసలు ముట్టుకోకు. ట్రైలర్ చూడకు. మొత్తం సినిమాలో దాచిన బొమ్మ ఒకటో రెండో ఉంటాయి, ట్రైలర్ కోసేవాళ్ళు ముందు వాటినే తీసుకుంటారు.

రక్తం విషయంలో నీ హద్దు నువ్వే పెట్టుకో. జపాన్ 'ఆడిషన్' (1999) మొదటి గంట పెళ్ళిచూపుల కథలా ఉంటుంది, చివర హింస చూడలేనంత ఉంటుంది. అలాంటివి ముందే తెలియాలంటే 'డజ్ ద డాగ్ డై' అనే సైటులో ఏ సినిమాలో ఏ రకం దృశ్యాలున్నాయో అవును, కాదు అని రాసి ఉంటుంది. నీకు పడనివాటి వరకే చూసి బయటికి రా, పేజీ అంతా చదివితే కథ తెలిసిపోతుంది.

ఇంత ఎంచుకుని కూడా చూసే తీరు సరిగ్గా లేకపోతే పండదు. కొత్త టీవీల్లో సెకనుకి 24 ఫ్రేముల సినిమాకి మధ్యలో కల్పించిన ఫ్రేములు చేర్చి సాఫీగా చేసే సదుపాయం ఉంటుంది. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అంటారు. దాన్ని ఆపకపోతే దెయ్యం నడక టీవీ సీరియల్‌లో అత్తగారి నడకలా ఉంటుంది. పిక్చర్ మోడ్ 'వివిడ్' నుంచి 'సినిమా'కో, 'ఫిల్మ్‌మేకర్'కో మార్చు. మొదటి చీకటి సీన్లో ఆపి చూడు: నల్ల బట్టల మడతలు లీలగా కనపడాలి. నలుపు బూడిద రంగులో ఉంటే బ్రైట్‌నెస్ ఒక మెట్టు దించు, జుట్టూ గోడా ఒక్కటైపోతే ఒక మెట్టు పెంచు. 'హెరెడిటరీ'లో ఒక చోట మంచం మీద కుర్రాడు లేచి కూర్చుంటాడు, వెనక గోడ పైమూలలో ఒక ఆకారం ఉంటుంది. సంగీతం హెచ్చరించదు. తెర సరిగ్గా లేక దాన్ని చూడకుండానే "ఇందులో భయమేముంది" అన్నవాళ్ళు బోలెడుమంది. ఫోన్లో చూసినా ఇదే గతి.

గది మొత్తం చీకటి చేస్తే మామూలు ఎల్‌ఈడీ టీవీలో నలుపు వెలిసినట్టు కనిపిస్తుంది. టీవీ వెనక చిన్న దీపం ఒకటి పెట్టు, తెర మీద పడకూడదు. సౌండులో 'నైట్ మోడ్', 'ఆటో వాల్యూమ్' ఆపెయ్. అవి పెద్ద చప్పుళ్ళని తగ్గించి చిన్నవాటిని పెంచుతాయి, దాంతో నిశ్శబ్దమన్నదే మిగలదు. పక్కగదిలో ఎవరైనా పడుకుని ఉంటే హెడ్‌ఫోన్స్ మేలు. జపాన్, కొరియా సినిమాలకి డబ్బింగ్ వద్దు. మాటలు మళ్ళీ స్టూడియోలో చెప్పించేసరికి ఆ గది గాలి, ఆ ఊపిరి పోతాయి. సబ్‌టైటిల్స్‌లో వినికిడి లోపం ఉన్నవారి కోసం ఇచ్చే సీసీ రకం కాకుండా మామూలువి పెట్టుకో. సీసీలో తలుపు కిర్రుమనక ముందే 'తలుపు కిర్రుమంటుంది' అని రాసి చూపిస్తారు.

నెమ్మది సినిమాకి 40 నిమిషాలు గడువియ్యి, అప్పటికీ పట్టకపోతే మొహమాటం లేకుండా ఆపెయ్. ఒక రాత్రికి ఒక్కటే, రెండోది పెట్టావా మొదటిదాని గుబులు కొట్టుకుపోతుంది. కొరియా 'ద వెయిలింగ్' (2016) 156 నిమిషాలు, అది రెండు రాత్రులకి పంచుకుంటే ఎవరిని నమ్మాలో తెలియని ఆ గందరగోళం చల్లారిపోతుంది. ఎనిమిదింటికల్లా మొదలుపెట్టు. మొదటి గంటలో అందులోని పోలీసు వేషాలు చూసి ఇది హాస్యమా అనుకుంటావు, అనుకో.

ముందుగా శుక్రవారం 'ఇన్నొసెంట్స్', శనివారం 'లేక్ మంగో', ఆదివారం ఖాళీ, తర్వాతి శుక్రవారం 'కైరో'. మూడింట్లో ఏది చూసిన రాత్రి వెనక్కి తిరిగి చూశావో ఆ ఒక్క పేరు రాసి పంపు. మిగతా ఏడూ దాన్ని బట్టి పంపుతాను.

ఆశీస్సులతో,
అత్త