ఫైబర్ బోటుకి ఏ జీపీఎస్ మేలు?

కొత్తపట్నం, జువ్వలదిన్నె వైపు వేటకెళ్లే ఫైబర్ బోటుకి చేతి జీపీఎస్ చాలా, బిగించేది కొనాలా అన్నది ప్రశ్న.

సాయంత్రానికి ఒడ్డుకొచ్చే బోటైతే చేతిది చాలు. టచ్ స్క్రీన్ వద్దు. తడి వేలికి సరిగా పలకదు, ఉప్పునీటి చుక్క పడితే దానంతటదే నొక్కుకుంటుంది. బటన్లుండి, పెన్సిల్ సెల్లుతో నడిచేది, ఐపీఎక్స్7 రేటింగున్నది చూడండి. అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు తట్టుకుంటుందని అర్థం, తేలుతుందని కాదు. తాడు కట్టాల్సిందే.

బిగించేదానికి 12 వోల్టుల బ్యాటరీ విడిగా పెట్టి, ఫ్యూజు వేయండి. ఇంజన్ బ్యాటరీకే కలిపితే సెల్ఫ్ కొట్టినప్పుడల్లా వోల్టేజి పడి సెట్టు ఆరిపోవచ్చు.

ఖరీదుకన్నా సెట్టింగే ముంచుతుంది. వల ఉన్న చోటు అక్షాంశం ఎవరైనా 14 డిగ్రీల 30 నిమిషాల 30 సెకన్లు అని చెబితే, దశాంశ నిమిషాల్లో ఉన్న సెట్టులో 30.300 అని కొట్టేస్తారు. 30 సెకన్లంటే అర నిమిషం కాబట్టి కొట్టాల్సింది 30.500. తేడా 0.2 నిమిషం, దాదాపు 370 మీటర్లు. వల ఒకచోట, వెతుకులాట ఇంకోచోట! డేటమ్ (చోటు లెక్కకు సెట్టు వాడే కొలమానం) జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84లో ఉందో లేదో కూడా చూసుకోండి.