టెక్ సందేహాలు: తప్పు వేలిదా, బటన్‌దా?

ప్రశ్న: మా నాన్న పత్తి, మిర్చి అమ్మడానికి ఎనుమాముల మార్కెట్‌కు వెళ్తుంటారు. ఫోన్‌లో ఒక బటన్ నొక్కబోయి పక్కది నొక్కేస్తున్నారు. ఇంకా పెద్ద స్క్రీన్ ఉన్న ఫోన్ కొనిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఇప్పుడే కొనకండి. స్క్రీన్ పెద్దదైనంత మాత్రాన పని సులువవుతుందన్న భరోసా లేదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లో ప్రయోగాలు చేసి చూపిన సూత్రం ప్రకారం, చెయ్యి ఒక గురిని చేరడానికి పట్టే సమయం ఆ గురి ఎంత దూరంలో ఉంది, ఎంత వెడల్పుగా ఉంది అన్న రెండింటిపై ఆధారపడుతుంది. దూరం పెరిగినా, వెడల్పు తగ్గినా సమయం ఎక్కువ పడుతుంది. అక్కడ తొందరపడితే గురి తప్పుతుంది. పెద్ద ఫోన్‌ను ఒంటిచేత్తో పట్టుకుంటే పైమూలనున్న బటన్ బొటనవేలికి మరింత దూరమవుతుంది కనుక, కొత్త ఫోన్ మీ నాన్నగారి ఇబ్బందిని పెంచినా పెంచవచ్చు.

ఆండ్రాయిడ్ యాప్‌లలో తాకవలసిన ప్రతి భాగమూ కనీసం 48 డీపీ (స్క్రీన్‌పై సైజును కొలిచే యూనిట్), అంటే సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలని గూగుల్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పత్తి ఏరి కాయలు కాసిన వేళ్లకు అదేమీ విశాలమైన జాగా కాదు. ఆ మాత్రం కూడా వదలకుండా ‘రద్దు’, ‘చెల్లించు’ బటన్లను ఆనించి పెట్టే యాప్‌లు ఉన్నాయి. కాబట్టి తప్పును మీ నాన్నగారి వయసు మీదికి నెట్టకండి.

సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే విభాగం తెరిస్తే సాధారణంగా ఫాంట్ సైజు, డిస్‌ప్లే సైజు అని రెండు కనిపిస్తాయి. చాలామంది మొదటిది పెంచి ఊరుకుంటారు. దానివల్ల అక్షరాలు పెరుగుతాయే తప్ప బటన్లు పెద్దగా మారవు. బటన్లు, ఐకాన్లు కూడా పెరగాలంటే రెండోదాన్ని ఒక మెట్టు జరపాలి.

ప్రశ్న: ‘చెల్లించు’ నొక్కాక యాప్‌లో ఏ కదలికా లేకపోతే మళ్లీ నొక్కాను. డబ్బు రెండుసార్లు పోయింది. నాదే పొరపాటా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కాదు. స్పందన 0.1 సెకనులోపు వస్తే పని వెంటనే జరిగినట్టు అనిపిస్తుందని, 1 సెకను దాటితే ఆలోచన తెగుతుందని, 10 సెకన్లు దాటితే దృష్టి వేరే పనికి మళ్లుతుందని ఇంటర్‌ఫేస్ నిపుణుడు జేకబ్ నీల్సన్ 1993లోనే వివరించారు. బ్యాంకు సర్వర్ ఆలస్యం చేయవచ్చు, దాన్ని యాప్ ఆపలేదు. కానీ మొదటిసారి నొక్కగానే బటన్ రంగు మార్చి, రెండోసారి పనిచేయకుండా చేసి, ‘చెల్లింపు జరుగుతోంది’ అని చూపడం పూర్తిగా దాని చేతిలో ఉన్న పనే. ఇకపై అలా ఆగిపోతే మళ్లీ నొక్కకుండా ముందు లావాదేవీల చరిత్ర చూడండి. అక్కడ ‘పెండింగ్’ అని ఉంటే అది తేలేవరకు ఆగండి. పోయిన మొత్తం గురించి ఆ లావాదేవీ నంబరుతో యాప్‌లోనూ, బ్యాంకులోనూ ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: ‘డిలీట్ చేయాలా?’ అని అడిగినా ‘అవును’ అని నొక్కి ఫొటోలు పోగొట్టుకుంటున్నాను.
– ఒక విద్యార్థి, జగిత్యాల

జవాబు: ప్రతిసారీ అడిగే ప్రశ్నను ఎవరూ చదవరు, వేలు దానంతటదే ‘అవును’ మీదికి వెళ్తుంది. అందుకే అనుమతి అడగడం కన్నా, చేసిన పనిని వెనక్కి తీసుకునే వీలు ఇవ్వడమే మంచి డిజైన్. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన చిత్రాలు డిలీట్ చేశాక కూడా 60 రోజులు ట్రాష్‌లో ఉంటాయి. మీవి ఇంకా అక్కడే ఉన్నాయేమో ఈరోజే చూడండి.