రైటింగ్ సెంటర్‌కి వెళ్లమంటే స్టూడెంట్లు వెళ్లట్లేదు, టీచర్‌గా ఏం చేయొచ్చు?

అమెరికాలో ఒక యూనివర్సిటీలో సెకండియర్ ఇంజినీరింగ్ వాళ్లకి ల్యాబ్ కోర్సు చెప్తున్నానన్నారు. క్యాంపస్‌లో రైటింగ్ సెంటర్ (రాసింది పట్టుకెళ్తే ట్యూటర్ పక్కన కూర్చుని చదివి, మాట్లాడి సాయం చేసే చోటు) ఉచితమే, ట్యూటర్లు కూడా తోటి స్టూడెంట్లే, అయినా రిపోర్టు రాయడం రానివాళ్లు అటు తొంగి చూడట్లేదని, చక్కగా రాసేవాళ్లే మళ్లీ మళ్లీ వెళ్తున్నారని అడిగారు. పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు నేను అలాంటి సెంటర్‌లోనే ట్యూటర్‌గా పని చేశాను, ఇప్పుడు పాఠాలు చెప్తున్నాను. బల్లకి అటూ ఇటూ ఏం జరుగుతుందో కాస్త తెలుసు కాబట్టి రాస్తున్నాను.

సిగ్గు, బద్ధకం, అహం అని మనం చాలా కారణాలు చెప్పుకుంటాం. అవి లేవని కాదు. కానీ నేను చూసినంతలో అసలు కారణం చాలా మామూలుది: తీసుకెళ్లడానికి వాళ్ల చేతిలో ఏమీ ఉండదు. ఆదివారం రాత్రి 11:59కి సబ్మిట్ చేయాల్సిన రిపోర్టుని ఆదివారం మధ్యాహ్నం భోంచేశాక మొదలుపెడతారు. ఆ పూట అపాయింట్‌మెంట్ పేజీ తెరిస్తే గళ్లన్నీ నిండిపోయి ఉంటాయి, లేదా సెంటరే మూసి ఉంటుంది. మనమేమో సోమవారం క్లాసులో "వెళ్లండి, మంచిది" అని చెప్పి ఊరుకుంటాం. వెళ్లి ఏం చూపించాలి, ఖాళీ వర్డ్ ఫైలా? బాగా రాసేవాళ్ల దగ్గర గురువారానికే రెండు పేజీలు ఉంటాయి. వాళ్లు వెళ్లగలగడానికి కారణం అదే.

అందుకని ముందు క్యాలెండర్ మార్చండి, మంచి మాటలు తర్వాత చెప్పొచ్చు. ఫైనల్ రిపోర్టుకి వారం, పది రోజుల ముందు డ్రాఫ్ట్ తేదీ ఒకటి పెట్టండి. దానికి కొన్ని పాయింట్లు ఇవ్వండి, డ్రాఫ్ట్ ఉందా లేదా అని చూసి ఇవ్వండి చాలు, బాగుందా లేదా అని చూడకండి. మొత్తం రిపోర్టు అడగక్కర్లేదు. రిజల్ట్స్ సెక్షన్, ఒక గ్రాఫ్, దాని కింద రెండు పేరాలు, అంతే. సగం రాసింది కూడా ట్యూటర్ దగ్గరికి పట్టుకెళ్లొచ్చని చాలామందికి తెలీదు. పూర్తిచేసి, ఫెయిర్ చేసి, సిగ్గుపడక్కర్లేని స్థితికి వచ్చాకే చూపించాలనుకుంటారు. ఒక్కో అపాయింట్‌మెంట్ అరగంటో, మహా అయితే గంటలోపో ఉంటుంది. పదిహేను పేజీలు పట్టుకొస్తే ట్యూటర్ మాత్రం ఏం చదువుతాడు?

బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు 1982లో రైటింగ్ ఫెలోస్ అని మొదలుపెట్టిన పద్ధతి గుట్టు కూడా ఇదేనని నాకనిపిస్తుంది. శిక్షణ పొందిన అండర్‌గ్రాడ్యుయేట్లని నేరుగా ఒక కోర్సుకి కేటాయిస్తారు. క్లాసులో అందరూ డ్రాఫ్ట్ ముందే ఇవ్వాలి, ఫెలో చదివి కామెంట్లు రాసి, మనిషిని కలిసి మాట్లాడాక తిరగరాసి ప్రొఫెసర్‌కి ఇవ్వాలి. అందరూ ఇస్తారు కాబట్టి ఎవరు వీక్ అనే గొడవే లేదు. మీ సెంటర్‌లో అలాంటి ఏర్పాటు ఉందేమో డైరెక్టర్‌ని అడగండి.

ఇక సిగ్గు సంగతి. అసలు ఈ తోటివాళ్ల ట్యూటరింగ్ ఇంతగా పాకడానికి కారణం మీరడిగిన ప్రశ్నే. 1970లో న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ తన కాలేజీల తలుపులు నగరంలో హైస్కూల్ పాసైన అందరికీ తెరిచింది. కొత్తగా వచ్చినవాళ్లలో చాలామందికి రాయడంలో సాయం కావాలి, కాలేజీలు సాయం పెట్టాయి, వాళ్లేమో రాలేదు. అది కూడా ఇంకో క్లాసులాగే కనిపించింది వాళ్లకి. అందులోని బ్రూక్లిన్ కాలేజీలో కెనెత్ బ్రఫీ అనే ఇంగ్లిష్ ప్రొఫెసర్ వంటివాళ్లు టీచర్ల బదులు తోటి స్టూడెంట్లని కూర్చోబెట్టి చూసింది అందుకే. అంటే టీచర్ నీడ పడకపోవడమే ఈ పద్ధతికి బలం. మనం ఎర్ర ఇంకుతో "గ్రామర్ వీక్, రైటింగ్ సెంటర్‌కి వెళ్లు" అని రాసిన మరుక్షణం ఆ నీడ అక్కడ పడుతుంది.

ఆ కామెంట్ ఉన్న కాగితాలు నా బల్ల మీదికి చాలానే వచ్చాయి. ఒకటి చెప్తాను. మనవాడే, బ్యాగ్ దించకుండానే కుర్చీ అంచు మీద కూర్చుని "అక్కా, మీరు తెలుగువాళ్లేనా? ఇక్కడ గ్రామర్ కరెక్ట్ చేసిస్తారంట కదా" అన్నాడు. థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్) సరిగ్గా కొలుస్తోందా అని సరిచూసే క్యాలిబ్రేషన్ రిపోర్టు. గ్రాఫ్‌లో పాయింట్లన్నీ గీత మీదే ఉన్నాయి, మొదటిది మాత్రం ఎక్కడో దూరంగా ఉంది. కింద ఒకే వాక్యం: ఫలితాలు బాగున్నాయి అని. గ్రామర్ తప్పేమీ లేదందులో. "ఈ ఒక్కటి ఇక్కడెందుకుంది?" అని అడిగాను. "అదా, అది ఐస్ బాత్‌లో, అంటే సున్నా డిగ్రీలుండాల్సిన ఐసు నీళ్లలో కొలిచింది అక్కా. మేం కొలిచేసరికి ఐస్ చాలావరకు కరిగిపోయింది, ఎవరూ కలపలేదు కూడా, అడుగున నీళ్లు వెచ్చగా ఉన్నాయి" అని తెలుగులో గడగడా చెప్పేశాడు. ప్రొఫెసర్ అడిగిన ఎర్రర్ డిస్కషన్, అంటే కొలతలో తేడా ఎందుకొచ్చిందనే వివరణ, అదే! "ఇప్పుడు నాతో చెప్పిందే ఇంగ్లిష్‌లో రాయి" అని పెన్ను అతని వైపు జరిపాను. రాశాడు, ముక్కలు ముక్కలుగానే అయినా రాశాడు. ఆ ప్రొఫెసర్ "గ్రామర్" బదులు "మొదటి పాయింట్ ఎందుకు తప్పిందో ట్యూటర్‌కి వివరించి, ఆ తర్వాత ఈ పేరా మళ్లీ రాయి" అని రాసి ఉంటే పిల్లాడు దోషిలా కుర్చీ అంచున కూర్చునేవాడు కాదు.

కాబట్టి పంపేటప్పుడు చేతికి ఒక ప్రశ్న ఇచ్చి పంపండి. అసైన్‌మెంట్ షీట్ కూడా వాళ్ల చేత పట్టించండి, ఇంకా మంచిది మీరే ముందుగా సెంటర్‌కి మెయిల్ చేయడం. షీట్ లేకుండా వచ్చినవాళ్లతో "మీ ప్రొఫెసర్ ఏం అడిగారు?" "ఏమో, రిపోర్ట్ రాయమన్నారు" అన్న దగ్గరే సగం టైం పోయేది.

మన పిల్లల గురించి కొంచెం విడిగా చెప్పాలి, మీ ల్యాబ్‌లో టీఏలుగానో (టీచింగ్ అసిస్టెంట్లు) మాస్టర్స్ స్టూడెంట్లుగానో ఉండే ఉంటారు. ఇండియాలో సీనియర్ల రికార్డు చూసి రికార్డు రాసినవాళ్లం మనం. చాలామందికి అడ్మిషన్ కోసం పంపే ఎస్ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) కన్సల్టెన్సీ వాళ్లే రాసిచ్చారు. అంటే రాతలో సాయం అనగానే ఎవరో రాసిపెట్టడమే తెలుసు. ఇక్కడికొచ్చి ఓరియంటేషన్‌లో ప్లేజరిజం (ఇంకొకరి రాతని తనదిగా చూపించడం) గురించి వినేసరికి భయం పట్టుకుంటుంది: ఇంకొకరికి చూపిస్తే కాపీ కింద వస్తుందేమో, యూనివర్సిటీ లెటర్ పంపిస్తుందేమో, వీసాకి ఇబ్బందేమో. సాయం అడగకూడదనుకునేవాళ్లు కొందరు, రాసివ్వలేదని కోపం తెచ్చుకునేవాళ్లు కొందరు. ఈ రెండూ ఒక్క మాటతో తీరేవే, కానీ ఆ మాట ట్యూటర్ అంటే చాలదు, మీ నోటి నుంచి రావాలి: "నా కోర్సులో రైటింగ్ సెంటర్‌కి వెళ్లడం తప్పు కాదు, వాళ్లు రాసిపెట్టరు, నువ్వు రాసింది చదివి ప్రశ్నలడుగుతారు." సిలబస్‌లోనూ ఈ మాటలే పెట్టండి. యూనివర్సిటీ ఇచ్చిన రెడీమేడ్ పేరా ఎవరూ చదవరు. అటెండెన్స్ పాలసీ కింద ఉంటుంది, మీరు కూడా చదివి ఉండరు.

1984లో స్టీఫెన్ నార్త్ అనే ఇంగ్లిష్ ప్రొఫెసర్ ఒక వ్యాసంలో సాటి అధ్యాపకుల మీద గట్టిగానే విసుక్కున్నాడు. రైటింగ్ సెంటర్ పని రాతని బాగుచేయడం కాదు, రాసే మనిషిని బాగుచేయడం అన్నది ఆయన వాదన. బండిని గ్యారేజీలో వదిలేసి సాయంత్రం వచ్చి తీసుకెళ్లినట్టు కాగితం ఇచ్చి పోయే చోటు కాదది. మీ క్లాసులో ఇది చెప్పడానికి ఉపన్యాసం అక్కర్లేదు. నాకు తెలిసిన ఒక మెకానికల్ ప్రొఫెసర్, తను రాస్తున్న కాన్ఫరెన్స్ పేపర్ అబ్‌స్ట్రాక్ట్‌ని స్క్రీన్ మీద పెట్టి, సెంటర్ నుంచి వచ్చిన ఒక థర్డియర్ ట్యూటర్ అమ్మాయిని క్లాసులో అందరి ముందూ ప్రశ్నలడగమన్నాడు. ఆ అమ్మాయిది చరిత్ర సబ్జెక్టు. "ఈ రెండో వాక్యం దగ్గర నాకు అర్థం కావడం ఆగిపోయింది" అంది. ఆయన నవ్వి, తల గోక్కుని, అక్కడికక్కడే మార్చాడు. "వాళ్లకి మన సబ్జెక్టు తెలీదు కదా" అనే అభ్యంతరం ఆ రోజు నుంచి ఆ క్లాసు వాళ్ల నోట నేను వినలేదు. నా మాటే అడిగితే, ఎక్స్‌ట్రా క్రెడిట్ కంటే ఈ పదిహేను నిమిషాలు చాలా మేలు.

ఎక్స్‌ట్రా క్రెడిట్ ఇస్తే వస్తారు. చివరి రోజు వస్తారు, "సంతకం పెట్టండి చాలు" అంటారు. ఇవ్వాలనుకుంటే వెళ్లినందుకు కాకుండా, వెళ్లొచ్చాక ఏం మార్చారో నాలుగు లైన్లు రాసినందుకు ఇవ్వండి. తప్పనిసరి చేయడం నాకు మరీ అంత చెడ్డగా అనిపించదు, కానీ చేస్తే క్లాసు మొత్తానికి చేయాలి, టర్మ్ మొదట్లో చేయాలి. ఇద్దరు ముగ్గుర్ని పేరు పెట్టి పంపితే పరువు తీసినట్టే. పైగా సెంటర్‌కి చెప్పకుండా నలభైమందిని ఒకే వారంలో పంపితే మిగతా క్యాంపస్‌కి చోటుండదు, డైరెక్టర్ మిమ్మల్ని తలుచుకుంటూనే ఉంటారు.

"వచ్చాడా, ఎలా ఉన్నాడు?" అని మాత్రం ట్యూటర్లని అడక్కండి. స్టూడెంట్ రికార్డుల గోప్యతకి ఫెర్పా అని 1974 నాటి చట్టం ఉండనే ఉంది, దాన్ని పక్కన పెట్టినా చాలా సెంటర్లు స్టూడెంట్ ఒప్పుకుంటేనే ప్రొఫెసర్‌కి రిపోర్ట్ పంపిస్తాయి. ఆ సంగతి స్టూడెంట్లకి మీరే చెప్పండి. అక్కడ అన్న మాట మీ చెవిన పడదని తెలిస్తే "సర్ చెప్పింది నాకు అర్థం కాలేదు" అని ధైర్యంగా అంటారు.

చాట్‌జీపీటీ ఉండగా ట్యూటర్ ఎందుకని మీ క్లాసులో ఎవరో ఒకరు అంటారు. నున్నటి వాక్యాలు అది ఇస్తుంది, కాదనను. ఐస్ కరిగిపోయిందన్న సంగతి దానికెలా తెలుస్తుంది?

మీ మొదటి పెద్ద రిపోర్టు ఆరో వారంలో అన్నారు కదా. ఈ వారమే డైరెక్టర్‌కి మెయిల్ పెట్టి అసైన్‌మెంట్ షీట్ పంపండి, నాలుగో వారం చివర ఒక్క గ్రాఫ్, రెండు పేరాల డ్రాఫ్ట్ తేదీ పెట్టండి. ఆ రోజు క్లాసులో చివరి ఐదు నిమిషాలు వదిలేసి, అందరినీ అక్కడే ఫోన్ తీసి అపాయింట్‌మెంట్ బుక్ చేసుకోమనండి. ఇంటికెళ్లి చేసుకుంటామన్నవాళ్లు చేసుకోరు.