రెండు రంగులు కలవకపోవడం తప్పు కాదు

నానోస్, సైక్లిన్ బి అనే జన్యువుల ఎంఆర్‌ఎన్‌ఏలు (జన్యువు సందేశాన్ని మోసే అణువులు) రెండూ పండ్ల ఈగ పిండం వెనుక కొసన ఒకే జెర్మ్ గ్రాన్యూల్‌లో (బీజకణాలు కాబోయే చోట ఉండే ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్ల సూక్ష్మ ముద్దలో) ఉంటాయని చదివాననీ, మీ చిత్రంలో మాత్రం ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు ఆనుకొని ఉన్నా పసుపుగా కలవడం లేదనీ రాశారు. తొందరపడి ప్రోబులు (ఎంఆర్‌ఎన్‌ఏకు అతుక్కొని దాన్ని రంగులో వెలిగించే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పారేయకండి. బహుశా మీరు చూస్తున్నది నిజమే.

గ్రాన్యూల్ అంటే అన్నీ కలిపేసిన పులిహోర కాదు, విస్తట్లో వడ్డన. వాసా వంటి ప్రోటీన్లు అంతటా పరుచుకుంటాయి కానీ, ఎంఆర్‌ఎన్‌ఏలు ఏ జన్యువువి ఆ జన్యువుతో గుంపు కడతాయి. సైక్లిన్ బి గుంపు నడిమధ్యకు, నానోస్ గుంపు అంచుకు మొగ్గుతాయి. 2015లోనే ఈ అమరికను చూపించారు. విచిత్రమేమిటంటే, గ్రాన్యూల్ బయట ఇవే అణువులు చాలావరకు ఒంటరిగా తిరుగుతాయి. గుంపు కట్టేది లోపలికి చేరాకే.

అయినా ఒక అనుమానం తీర్చుకోవాలి. రంగును బట్టి సూక్ష్మదర్శినిలో బొమ్మ కొద్దిగా జరుగుతుంది, గ్రాన్యూల్ చూస్తే అర మైక్రాన్ కూడా ఉండదు. అందుకని నానోస్ ఎంఆర్‌ఎన్‌ఏ పొడవునా వరుసగా అతుక్కునే ప్రోబుల్లో సరిసంఖ్యవాటికి ఎరుపు, బేసిసంఖ్యవాటికి ఆకుపచ్చ తగిలించి చూడండి. అవి కూడా విడిగా కనిపిస్తే లోపం మీ పరికరానిది. ఒకదానిపై ఒకటి కూర్చుంటే మీ మొదటి చిత్రాన్ని నమ్మవచ్చు.

గుంపులో ఎన్ని అణువులున్నాయో కావాలంటే, దాని వెలుగును బయటి ఒంటరి చుక్క వెలుగుతో భాగించండి.