రిజిస్టరులో కిలోనా, లీటరా రాయి

అమ్మాయ్,

నువ్వు అంబత్తూరులో వ్యర్థజలాల ప్లాంటులో కెమిస్టుగా చేరుతున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. 1996లో కండలేరు జలాశయం నుంచి మద్రాసు దగ్గరి పూండికి కృష్ణ నీళ్ళొచ్చాయి, ఇప్పుడు నెల్లూరు నుంచి నువ్వొస్తున్నావు. మీ అత్తయ్య అప్పుడే వీధంతా చాటేసింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నీళ్ళలో కలిపే మందు లెక్క చిన్నదే. లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములన్నది, గంటకు ఎన్ని ఘనపు మీటర్ల నీళ్ళన్నది గుణిస్తే గంటకు ఎన్ని గ్రాముల మందో వస్తుంది. దాన్ని మందు బలంతో భాగించాలి. డోసెంతో, జాడీల్లో నీళ్ళు పట్టి వేర్వేరు మోతాదులు కలిపి చూసే జార్ టెస్టు చెబుతుంది. ఎమ్మెస్సీ చదివినదానివి, ఇంతకంటే చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది మురికిని ముద్దకట్టించే ఫెర్రిక్ క్లోరైడ్ గురించి. మా పాత ప్లాంటులో ఒక కుర్రాడుండేవాడు, నోటిలెక్కల్లో నన్ను మించినవాడు. జార్ టెస్టులో లీటరుకు 40 మిల్లీగ్రాములని తేలింది. నీళ్ళు గంటకు 100 ఘనపు మీటర్లు, అంటే 4 కిలోల ఫెర్రిక్. డ్రమ్ము మీద 40 శాతం అని ఉంది. నాలుగుని 0.4తో భాగించి, పది అని పంపుని గంటకు 10 లీటర్లకు పెట్టాడు. ఆ పది కిలోలమ్మా, లీటర్లు కాదు! ఆ ద్రావణం లీటరు 1.4 కిలోలు తూగుతుంది. పెట్టాల్సింది 7 లీటర్ల పైచిలుకు. 40 పడాల్సిన చోట 56 పడింది.

ఎక్కువ పడితే పోయేది డబ్బేగా అనుకునేవు. ఫెర్రిక్ ఒక్కో మిల్లీగ్రాముకు పీహెచ్ పడిపోకుండా ఆపే క్షారతను దాదాపు 0.9 మిల్లీగ్రాములు తినేస్తుంది. ఆ నీళ్ళలో ఉన్నదే కాస్త. పీహెచ్ పడిపోయింది, ఫ్లాక్, అంటే మురికి ముద్దలు, సరిగా కట్టలేదు, అవి అడుక్కి దిగాల్సిన తొట్టి, క్లారిఫయర్ మీంచి పసుపు నీళ్ళు పొర్లాయి. మందు చాలలేదనుకుని వాడు ఇంకా పెంచాడు. రాత్రి షిఫ్టువాడు రిజిస్టరులో అంకె చూసి, అదే కొనసాగించాడు. పొద్దున వచ్చిన సూపర్‌వైజరు ముందు కుర్రాణ్ణి తిట్టి, తర్వాత పీహెచ్ చూశాడు. అది నాకిప్పటికీ నచ్చదు. తిట్టాల్సింది యూనిట్లకు గడి లేకుండా రిజిస్టరు అచ్చేయించినవాళ్ళని. నువ్వు మాత్రం అంకె పక్కన కిలోనా, లీటరా రాయి. రాయలేదని తెలిసిందో, ప్లాంటుకే వచ్చి అందరి ముందూ కసురుతాను.

హైపో, అదే క్రిముల్ని చంపే సోడియం హైపోక్లోరైట్, దాని తంతు వేరు. డ్రమ్ములో ఊరికే ఉండి కూడా బలం పోగొట్టుకుంటుంది, అందులోనూ మద్రాసు మే నెల ఎండకి, రేకుల షెడ్డులో. గంటకు 150 గ్రాముల క్లోరిన్ కావాలనుకో. లీటరుకు 100 గ్రాములున్న హైపో అయితే లీటరున్నర చాలు, అది 60కి దిగితే రెండున్నర లీటర్లు కావాలి. లేబుల్ చూసి లెక్క కట్టకు, థయోతో (సోడియం థయోసల్ఫేటుతో) టైట్రేట్ చేసి, అసలు బలం తేల్చి కట్టు. పంపు డయల్‌ని కూడా నమ్మకు. కొలిచే సిలిండరులోంచి నిమిషానికి ఎంత పీలుస్తుందో నువ్వే కొలువు.

ఇక నా నిద్ర చెడగొట్టిన సంగతి. హైపో, ఫెర్రిక్, దానిలాగే మురికిని ముద్దకట్టించే పీఏసీ (పాలీ అల్యూమినియం క్లోరైడ్) అన్నీ ఒకేలాంటి నీలం డ్రమ్ముల్లో వస్తాయి. తొందరలో ఎవరైనా పీఏసీని హైపో ట్యాంకులో పోశారంటే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. ఫెర్రిక్ పోసినా అంతే, ఆ రెండు ద్రావణాలూ ఆమ్ల గుణమున్నవే. సరుకు దింపేటప్పుడు నువ్వు పక్కన నిలబడు, ఏ పైపు ఏ ట్యాంకుదో నోటితో అడిగించు, ట్యాంకు మూతకు తాళం వేయించు. ఘాటు వాసన తగిలితే మిగతావాళ్ళని కేకేసి, గాలి వచ్చే వైపుకి పరుగెత్తు. చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని వాల్వు కట్టేద్దామని లోపలికెళ్ళావో, జన్మలో నీతో మాట్లాడను. ఉద్యోగం పోతే పోనీ, నిన్ను నేను పోషించలేనా?

గ్లౌజులు, కళ్ళద్దాలు కంపెనీని అడుగు, మొహమాటపడకు. కొలిచే సిలిండరు లేదంటే చెప్పు, ఇక్కడి పారీస్ కార్నర్‌లో కొనిస్తాను. ఆదివారం భోజనానికి వచ్చేయ్, వచ్చేటప్పుడు ఆ రిజిస్టరు పేజీ ఫోటో తీసుకురా.

మీ మామయ్య