పశువుల బండి బోల్తా పడితే తలుపు తీయడం ఆఖరి పని

మీ ఊరి మలుపులో గేదెల డీసీఎం పడ్డప్పుడు తలుపు తీయగానే అవి హైవే మీదికి చెదిరిపోయాయని, లేవలేని గేదెను కాళ్లకు తాడు కట్టి లాగితే చనిపోయిందని రాశారు అన్నా. చాలా బాధేసింది. ఈ రెండూ ఆపగలిగినవే.

ముందు 112కి, పశువుల అంబులెన్సు 1962కి ఫోన్ చేయాలి. రెండు వైపులా కనీసం 200 మీటర్ల అవతలే వాహనాలు ఆపాలి. తలుపుకి రెండు పక్కలా ట్రాక్టర్ ట్రాలీలు పెట్టి, సందుల్లో టార్పాలిన్ కట్టి దొడ్డిలా చేయండి. అవతలి వైపు కనబడకపోతే పశువు సాధారణంగా అటు దూకదు. అప్పుడు తలుపు తీయండి.

పక్కకు పడిపోయిన గేదెకు కడుపులో గ్యాసు బయటికి పోదు. పొట్ట ఉబ్బి ఊపిరితిత్తుల్ని నొక్కేస్తుంది. అందుకే ముందు బండికి కట్టిన పలుపు కోసి, వీపు వైపు నిలబడి, దాన్ని ఛాతీ మీద కూర్చునేలా లేపి గడ్డిమోపు ఆనించాలి. కాళ్ల వైపు ఎవరూ నిలబడొద్దు, తన్నిందంటే ఎముక విరుగుతుంది. కదిలించక తప్పకపోతే మందపాటి టార్పాలిన్ మీదికి దొర్లించి, ఆ టార్పాలిన్‌ని లాగండి. మెడ, కొమ్ములు, కాళ్లు పట్టి లాగొద్దు. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఎండైతే ఒంటి మీద పోయండి.

పంచాయతీ ఆఫీసులో ఒక బస్తా సిద్ధంగా ఉంచండి: 10 మీటర్ల నూలు తాళ్లు ఆరు, పదునైన కొడవళ్లు రెండు, పెద్ద టార్పాలిన్లు నాలుగు, హ్యాక్సా, టార్చిలైట్లు. నైలాన్ తాడు మాత్రం వద్దు. చర్మం కోసేస్తుంది, ముడి బిగిస్తే ఊడిరాదు.