సమాధానం: టీచర్ ఐడెంటిటీ (టీచర్ తనను తాను ఎలాంటి టీచర్‌గా చూసుకుంటారన్నది) మీద పీహెచ్‌డీ సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) రెండుసార్లు తిరిగొచ్చిందా?

తప్పు టాపిక్‌లో లేదు, మీరు ఆదోనిలో 200 మంది ఇంగ్లిష్ టీచర్లకు పంచుతానన్న ప్రశ్నావళిలో ఉంది. ఐదు గడుల్లో టిక్కు పెట్టిస్తే ఐడెంటిటీ దొరకదు.

1. ఐదారుగురు చాలు. భాష నేర్చుకోవడం, ఐడెంటిటీల మీద పరిశోధించిన బానీ నార్టన్ 1995 వ్యాసానికి ఆధారం కెనడాకు వలస వెళ్లిన 5 మంది మహిళలే. వాళ్ల డైరీలు, ఇంటర్వ్యూలు.

2. అందరూ వదిలేసేది ఇదే: మోటివేషన్ (నేర్చుకోవాలన్న కోరిక), నార్టన్ చెప్పిన ఇన్వెస్ట్‌మెంట్ (ఫలానా చోట, ఫలానా మనుషుల మధ్య ఆ భాష వాడటానికి నిజంగా పూనుకోవడం) ఒకటి కాదు. ఇంగ్లిష్ మీద ఎంత ఆశ ఉన్నా, నవ్వుతారేమోనని నోరు విప్పని మనిషి ఉంటాడు. ఎవరి ముందు విప్పడు, ఎందుకు? మీ పరిశోధన ప్రశ్న అక్కడ పెట్టండి. ఇంట్లో కన్నడ, వీధిలో ఉర్దూ, స్టాఫ్‌రూంలో తెలుగు మాట్లాడి క్లాసులో ఇంగ్లిష్ చెప్పే టీచర్లు మీ చుట్టూనే ఉన్నారు (నాకైతే అసూయే).

3. ఇంటర్వ్యూ వాళ్లకు నచ్చిన భాషలో చేయండి. ఇంగ్లిష్‌లోనే అడిగితే పరీక్షలా బిగుసుకుపోతారు. రాతపూర్వక అనుమతి ముందే తీసుకోండి.